పాటకు పట్టా ఎవరి పేర?

2024 మార్చిలో తమిళ సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ ఒక వీడియోలో తన ఆవేదన వెళ్ళబోసుకున్నారు. ‘ఎంజాయ్ ఎంజామీ’ విడుదలై మూడేళ్ళు నిండినా, ఆ పాట నుంచి తమకు ఒక్క పైసా రాలేదన్నది ఆయన ఫిర్యాదు. యూట్యూబ్‌లోనే 40 కోట్లసార్లకు పైగా చూసిన పాట అది. పెళ్ళిళ్ళలో, కళాశాల వార్షికోత్సవాల్లో, మన హైదరాబాద్ పబ్బుల్లో కూడా మోగింది. ప్రపంచవ్యాప్త హక్కులన్నిటినీ తిరిగి తెచ్చుకున్నామని ఆయన అప్పుడే ప్రకటించారు. అంటే అంతకాలం ఆ హక్కులు పాట కట్టినవాళ్ళ చేతుల్లో లేవన్నమాట. ఎవరికి ఎంత రావాలన్న లెక్క తేల్చడం ఈ వ్యాసం పని కాదు. సినీరంగంలో స్థిరపడిన ఒక సంగీత దర్శకుడికే తన పాటపై హక్కు కోసం మూడేళ్ళు పెనుగులాడవలసి వస్తే, వాడలో పుట్టి ఫోన్‌లో రికార్డు చేసుకొనే కుర్రవాడి సంగతేమిటన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ కథలో డబ్బుకు ముందే మరొక తగాదా నడిచింది. ఆ పాట రాసి, పాడినవాడు అరివు. అరక్కోణంలో పుట్టిన దళిత యువకుడు, ‘క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ బృందంలో ఎదిగిన ర్యాపర్. సిలోన్ తేయాకు తోటల్లో తరాలు వెట్టి చేసి, ఉత్తచేతులతో తిరిగివచ్చిన తన నానమ్మ తరం బతుకును అతడు ఆ పాటలోకి తెచ్చాడు. 2021 ఆగస్టులో ఒక ప్రముఖ సంగీత పత్రిక ఆ పాటను ముఖచిత్ర కథనం చేసినప్పుడు అట్ట మీద అరివు బొమ్మ లేదు. దర్శకుడు పా. రంజిత్ బహిరంగంగా నిలదీశాక గాని పత్రిక అతడి బొమ్మతో డిజిటల్ ముఖచిత్రం తేలేదు. 2022 జూలైలో చెన్నైలో చెస్ ఒలింపియాడ్ ప్రారంభ వేదిక మీద అదే పాట అతడు లేకుండానే వినిపించింది. ఆ తర్వాత అరివు, ఆ పాట రాసింది, కట్టింది, పాడింది తానేనని రాయవలసి వచ్చింది. ఆదాయం, హక్కులు ముగ్గురికీ సమానమేనని సంతోష్ నారాయణన్ బదులిచ్చారు. పంచుకోవలసిన ఆదాయమే చేతికి రాలేదని ఆ తర్వాత రెండేళ్ళకు ఆయనే చెప్పారు. పేరు పోవడం, పైకం పోవడం రెండు వేర్వేరు అన్యాయాలుగా కనిపిస్తాయి గానీ, రెండింటి మూలమూ ఒకటే. పాట ఎవరిదన్నది కాగితం తేలుస్తుంది. ఆ కాగితం దగ్గరికి అందరూ ఒకే మెట్టు మీది నుంచి రారు.

భూమి భాషలో చెబితే మన పాఠకులకు ఇది వెంటనే అందుతుంది. దున్నేవాడొకడు, పట్టా మరొకడి పేర. పాటకు ఒకటి కాదు, కనీసం మూడు పట్టాలుంటాయి. మాటలు ఒక కృతి, దానికి యజమాని రచయిత. బాణీ మరో కృతి, దానికి యజమాని స్వరకర్త. ఆ రెంటినీ కలిపి చేసిన రికార్డింగు, వ్యాపారంలో ‘మాస్టర్’ అనేది, వేరే ఆస్తి. దాని యజమాని నిర్మాత. నిర్మాత ఎవరు? రికార్డింగుకు చొరవ చూపి, బాధ్యత వహించినవాడు అంటుంది చట్టం. పాడినవాడి గొంతు ఈ నిర్వచనంలోకి రాదు. సొంత డబ్బుతో స్టూడియోకు వెళ్ళి పాడుకున్నవాడు చట్టం దృష్టిలో నిర్మాత కూడా అవుతాడు. మాస్టర్ అతడిదే. స్టూడియో ఖర్చు, కెమెరా ఖర్చు ఛానెల్ పెట్టుకుంటే మాత్రం, వేరే ఒప్పందం లేనంతవరకు, ఆ రికార్డింగు, ఆ వీడియో ఛానెల్‌వి. ఉద్యోగంలో భాగంగా నెలజీతానికి రాసి ఇస్తే ఆ రాత కూడా సాధారణంగా యజమానిదే. పది, పదిహేను వేల ఖర్చు ఎవరు పెట్టారన్న ఒక్క చిన్న విషయం మీద అరవై ఏళ్ళ హక్కు ఆధారపడి ఉంటుంది. మన దేశంలో ధ్వనిముద్రణకు, విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళ రక్షణ ఉంది. మాటకు, బాణీకి రచయిత జీవితకాలం, ఆపై 60 ఏళ్ళు.

ఈ చట్టానికి అక్షరం పట్ల ఉన్న పక్షపాతం నిన్నమొన్నటిది కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం సంగీత కృతిని నిర్వచిస్తూ, అది ముద్రితమైనదో, రాతలో పెట్టినదో, మరో విధంగా కాగితం మీదికి ఎక్కినదో అయి ఉండాలన్నది. 1994 సవరణ వరకు, అంటే దాదాపు నాలుగు దశాబ్దాలు ఆ నిర్వచనమే చెల్లింది. చదువుకు దూరంగా ఉంచిన కులాల మనిషి నాట్లు వేస్తూ, డప్పు చరుస్తూ కట్టిన బాణీ, స్వరలిపి రాసుకోలేదు కాబట్టి, చట్టం కంటికి సంగీతమే కాకుండా పోయింది. నిజానికి హిందుస్తానీ, కర్ణాటక విద్వాంసులు కూడా ప్రధానంగా చెవితోనే నేర్చుకున్నారు. ఈ నిర్వచనం వారినీ ఇబ్బంది పెట్టింది. అయితే వారికి సభలుండేవి, ఆకాశవాణి గ్రేడులుండేవి, రాజపోషణ వారసత్వం ఉండేది. డప్పుకు ఏదీ లేదు. పాడేవారికి ‘ప్రదర్శకుల హక్కు’ అన్నది చట్టంలో చేరింది కూడా ఆ 1994 సవరణతోనే. అంతకుముందు 1977లో సుప్రీంకోర్టు, సినిమా కోసం రాయించుకున్న పాటల మీద నిర్మాతదే యాజమాన్యమని తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు విడిగా ఒక వ్యాఖ్య జోడించిన జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, కాగితం మీది స్వరరచనను గుర్తించే చట్టం దానికి ప్రాణం పోసే గాయకుణ్ణి గుర్తించకపోవడం లోపమని ఎత్తిచూపారు. ఆ లోపాన్ని పూరించడానికి పార్లమెంటుకు మరో 17 ఏళ్ళు పట్టింది.

ఇక పాట చేతులు మారే తీరు. దీనికీ భూమి మాటలే సరిపోతాయి. లైసెన్స్ అంటే కౌలు. అసైన్‌మెంట్ అంటే విక్రయ దస్తావేజు. కౌలుకిస్తే గడువు తీరాక పొలం తిరిగి వస్తుంది, అమ్మితే రాదు. అయినా మన జానపద, ర్యాప్ కళాకారుల్లో ఎంతోమంది సంతకం పెట్టే కాగితాల్లో ఈ తేడా కనిపించదు. ‘సర్వ హక్కులు, సమస్త మాధ్యమాలు, విశ్వమంతటా, శాశ్వతంగా’ అన్న నాలుగు పదాలు చాలు, కౌలు అమ్మకమైపోతుంది. ‘విశ్వమంతటా’ అన్నది నేను వెటకారానికి రాయలేదు. సంగీత ఒప్పందాల్లో ఆ మాట నిజంగానే ఉంటుంది. చంద్రమండలం మీద పాట మోగినా రాయల్టీ కంపెనీదే.

అయితే చట్టం ఇక్కడ పూర్తిగా చేతులెత్తేయలేదు. విద్యార్థి మిత్రులు గుర్తుపెట్టుకోవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి. నోటిమాటతో హక్కు బదిలీ కాదు. రాతపూర్వకంగా, హక్కుదారు సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఆ రాతలో ఏ కృతి, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం, ఎంత సొమ్ము అన్నది ఉండాలి. కాలం రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్ళుగానే చూస్తుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, వేరే షరతు లేనట్లయితే, అది రద్దవుతుంది. ఒప్పందం నాటికి వాడుకలోనే లేని కొత్త మాధ్యమానికి, దాన్ని పేరు పెట్టి రాసుకోనంతవరకు, హక్కు దఖలు పడదు. లైసెన్సులకు కూడా ఈ నిబంధనలు చాలావరకు వర్తిస్తాయి. కాబట్టి గడులు ఖాళీగా వదిలిన ఒప్పందం చూసి రాసినవాడు కంగారుపడనవసరం లేదు. అన్ని గడులూ ముందే నిండి ఉన్న ఒప్పందాన్ని చూసినప్పుడే భయపడాలి.

అన్నిటికన్నా విలువైనది 2012 సవరణలో ఉంది. జావేద్ అఖ్తర్ రాజ్యసభలో నిలబడి వాదించిన సవరణ అది. సినిమాతో సంబంధం లేని రికార్డింగులో తన మాటనో బాణీనో చేర్చిన రచయిత, ఆ కృతి వాడుకపై వచ్చే రాయల్టీలో హక్కు కొన్నవారితో సమానంగా వాటా పొందుతాడు. ఆ వాటాను అతడు అమ్ముకోలేడు, వదులుకోలేడు. వారసులకో, రాయల్టీ వసూలు చేసి పంచే సంఘానికో తప్ప ఇంకెవరికీ రాసివ్వలేడు. రాసిచ్చినా ఆ ఒప్పందం చెల్లదు. సినిమా పాటల రచయితకూ, థియేటర్లో సినిమాతో పాటు ప్రదర్శించే సందర్భం మినహా, ఇలాంటి రక్షణే ఉంది. అప్పులో ఉన్నవాడి చేత ఏమైనా రాయించుకోవచ్చునని తెలిసే చట్టం ఇంత గట్టిగా పలికింది. రోహిణీ కార్తెలో చేసిన అప్పుకు పొలం రాసిచ్చిన తాతల కథలు విన్నవారికి దీని విలువ చెప్పనక్కరలేదు. ఎఫ్ఎం రేడియోలు రికార్డింగు యజమానికే కాక రచయితలకు, స్వరకర్తలకు కూడా చెల్లించవలసిందేనని 2023 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు ఈ సవరణ ఆధారంగానే చెప్పింది.

చట్టంలో ఉన్న హక్కు ఇంటి గడప దాకా రాదు, వెళ్ళి తెచ్చుకోవాలి. రచయితల, స్వరకర్తల రాయల్టీలు వసూలు చేసేది ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ. గాయకులకు వేరే సంఘం ఉంది. సభ్యత్వం తీసుకొని, ప్రతి పాటనూ రచన ఎవరు, బాణీ ఎవరు, ఎవరి వాటా ఎంత అని నమోదు చేస్తేనే పైకం కదులుతుంది. సినీ రచయితలకు ఈ దారి తెలుసు. పల్లె పాటల యూట్యూబ్ ఛానెళ్ళకు రాసే వందలాది మంది యువకులకు ఆ పేరు కూడా తెలియదు. ఐదు వేలో పదివేలో ఒకేసారి తీసుకొని వచ్చేస్తారు. పాట కోట్ల వీక్షణలు దాటాక, కింద వివరాల్లో తమ పేరు చివరి వరసలో చూసుకొని మురుస్తారు. ఆ పేరూ లేకపోతే ఊళ్ళో నమ్మేవారుండరు. నేను కలిసిన ఒక పాటగాడు, ఈ పాట నాదేనని చెబితే సొంత మేనమామే నవ్వాడని చెప్పుకొచ్చాడు.

యూట్యూబ్ యంత్రాంగానికి కులం తెలియదంటారు. కావచ్చు. దానికి తెలిసింది ముందుగా దఖలు పరచినవాడు ఎవరన్నదే. కంటెంట్ ఐడీ అనే వ్యవస్థలో ఒక లేబులో పంపిణీ సంస్థో రికార్డింగును ముందుగా నమోదు చేస్తే, ఆ తర్వాత ఎక్కడ అదే ధ్వని వినిపించినా ఆదాయం ఆ ఖాతాకు మళ్ళుతుంది. పాట పుట్టించినవాడు తన సొంత ఛానెల్‌లో పెట్టుకున్నా అంతే. ఆన్‌లైన్‌లో అద్దెకు తీసుకున్న బీటు మీద హాస్టల్ గదిలో ర్యాప్ పాడిన విద్యార్థికి కూడా ఇదే అనుభవం ఎదురవుతుంది. ఆ బీటును అదే ధరకు మరో యాభై మందికీ ఇచ్చి ఉంటారు. వారిలో ఎవరు ముందు నమోదు చేస్తే మిగిలినవారి మీద ఫిర్యాదు పడుతుంది. వివాదం లేవదీసే వీలుంది, కానీ అందుకు కాగితం కావాలి, ఇంగ్లీషు కావాలి, అన్నిటికన్నా ముందు మనం అడగవచ్చునన్న ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఎవరికి ఉగ్గుపాలతో వస్తుందో, ఎవరు పోగుచేసుకోవాలో ఈ పేజీ పాఠకులకు వివరించనక్కరలేదు.

ఇంతవరకు చెప్పింది పేరున్న రచయిత సంగతి. పేరు లేని పాట సంగతి ఇంకా జటిలం. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలోని ‘సారంగ దరియా’ మీద రేగిన వివాదం గుర్తుండే ఉంటుంది. ఆ జానపదాన్ని తాను సేకరించి టీవీ వేదిక మీద ముందే పాడానని ఒక గాయని అభ్యంతరం చెప్పింది. పల్లెల్లో ఏనాటి నుంచో ఉన్న పాట ఎవరి సొత్తూ కాదని అవతలి వాదన. దర్శకుడు బహిరంగ వివరణ ఇవ్వవలసి వచ్చింది. చట్టాన్ని బట్టి చూస్తే, పరంపరగా వచ్చిన పాటకు యజమాని లేడు. దానికి కొత్తగా చరణాలు రాసినవాడికి ఆ చరణాల మీద హక్కుంటుంది. సేకరించిన మనిషికి సేకరణ మీద పెద్దగా ఏమీ ఉండదు. ఆ వివాదంలో ఎవరు గెలిచినా, ఎన్నడో కలుపు తీస్తూ ఆ పాట కట్టిన స్త్రీలకు ఏమీ రాదు. తెలుగు సాహిత్య చరిత్రలో బిరుదురాజు రామరాజు, నేదునూరి గంగాధరం వంటి సేకర్తల పేర్లు గౌరవంగా నిలిచాయి, నిలవాలి కూడా. వారికి పాడి వినిపించినవారి పేర్లు చాలావరకు నిలవలేదు. ‘సేకరణ’ అన్న మాట మనకు నిష్కల్మషంగా వినిపిస్తుంది. పంట కోసుకెళ్ళడాన్ని కూడా సేకరణ అనే అంటారు.

ఈ కులాలకు హక్కుల స్పృహ లేదనుకోవడం పొరపాటు. చిందు, డక్కలి, బైండ్ల వంటి ఆశ్రిత కళాకారులకు మిరాశీ ఉంది. ఏ ఊళ్ళు ఏ కుటుంబానివో, అక్కడ ఎవరు ఆడాలో, ఎంత అడగాలో కట్టుబాటు ఉంది. ఒకరి మిరాశీ ఊళ్ళో మరొకరు గజ్జె కడితే కులపెద్దల ముందు పంచాయితీ జరిగేది. ప్రాంతాన్ని, వారసత్వాన్ని, ప్రతిఫలాన్ని ముందే తేల్చుకున్న లైసెన్సు అది. దాన్ని ఆదర్శంగా చూపడం నా ఉద్దేశం కాదు. అడగడమే వృత్తిగా, అంటరానివాళ్ళలోనే అట్టడుగున ఉంచిన వ్యవస్థలో పుట్టిన హక్కు అది. అయినా అది హక్కే. దాతల దయ కాదు. ఆధునిక చట్టంలోకి వచ్చేసరికి ఆ హక్కు ఆవిరై, దయ మాత్రం మిగిలింది.

డక్కలి కళాకారుడు దర్శనం మొగిలయ్య విషయంలో జరిగిందేమిటి? పన్నెండు మెట్ల కిన్నెర మీద ఆయన గొంతు 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాటకు నాంది పలికింది. ఆ వెంటనే కథానాయకుడు ఆర్థిక సాయం ప్రకటించారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటిస్థలం ప్రకటించింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో కూలిపని చేస్తున్న దృశ్యాలు బయటికి వచ్చాయి. నెలనెలా వచ్చే గౌరవ భృతి ఆగిపోయిందని ఆయన చెప్పారు. సాయాలు, సన్మానాలు, భృతులు అన్నీ ఇచ్చేవారి చేతిలో ఉన్నవే. ఇస్తారు, ఆపుతారు, మళ్ళీ ఇస్తారు. పాట మోగిన ప్రతిసారీ రావలసిన రాయల్టీకి ఎవరి దయా అక్కరలేదు. వాణిజ్యపరంగా వాడే ప్రదర్శనకు ప్రదర్శకుడు రాయల్టీకి అర్హుడని 2012 సవరణ చెబుతూనే ఉంది. ఆయన కథ మీద నడిచిన చర్చ అంతటిలో ఆ సవరణ ఊసు నాకు కనిపించలేదు. శాలువాల సంఖ్య గురించే అందరూ మాట్లాడారు.

ఇక్కడ ఉద్యమ మిత్రుల నుంచి ఒక ప్రశ్న వస్తుంది. ప్రజల పాటకు హక్కులేమిటి, గద్దర్, గూడ అంజయ్య పాటలు ఊరూరా పాకింది ఎవరూ అనుమతి అడగనందువల్లనే కదా అని. నిజమే. ఆ త్యాగం లేకపోతే తెలుగునేల మీద పాట ఇంత పదునెక్కేది కాదు. కానీ పాడుకోవడానికి ఇచ్చిన స్వేచ్ఛను అమ్ముకోవడానికి ఇచ్చిన స్వేచ్ఛగా మార్చింది రచయితలు కాదు. సభల్లో, ధర్నాల్లో, బడుల్లో ఎవరైనా ఉచితంగా పాడుకోవచ్చు, సినిమాకో ప్రకటనకో లేబులుకో వాడితే మాత్రం అనుమతి, రుసుము తప్పనిసరి అని రచయిత ఒకే కాగితం మీద రాసి ప్రకటించవచ్చు. చట్టం దానికి అడ్డు చెప్పదు. ఆస్తి ఉన్నవాడు ఆస్తిని వదులుకుంటే త్యాగమవుతుంది. ఆస్తి ఎన్నడూ లేనివాడి చేత వదిలిస్తే దాన్ని ఏమనాలో వెట్టి చరిత్ర చదివినవారు చెప్పాలి.

ఉమ్మడి పాటల విషయంలో మన చట్టం మౌనంగా ఉన్నంతమాత్రాన దారులు లేవని కాదు. కెన్యా 2016లో సంప్రదాయ జ్ఞానం, సాంస్కృతిక వ్యక్తీకరణల రక్షణకు ప్రత్యేక చట్టం చేసి, సముదాయం ముందస్తు అనుమతి లేనిదే వాణిజ్య వాడుక కుదరదన్నది. ఘనా 2005 చట్టం జానపదాల హక్కును దేశం తరఫున అధ్యక్షుడికి అప్పగించింది. ఈ రెండో పద్ధతి నాకు సమ్మతం కాదు. మన దగ్గర ప్రభుత్వం పేర పట్టా రాస్తే, మాదిగవాడ పాటకు అనుమతి ఇచ్చే బల్ల వెనుక ఎవరు కూర్చుంటారో ఊహించుకోవచ్చు. హక్కు సముదాయానికే ఉండాలి. అది కేంద్ర చట్టం కాబట్టి పార్లమెంటులో అడగవలసిన పని.

రాష్ట్రాలు ఈలోగా చేయగలిగినది ఉంది. సాంస్కృతిక శాఖలు తాము నిధులిచ్చే ప్రతి రికార్డింగులో వాటాల పత్రం తప్పనిసరి చేయవచ్చు. మాట ఎవరిది, బాణీ ఎవరిది, గొంతు ఎవరిది, డప్పు ఎవరిది అన్నవి స్టూడియోలోకి వెళ్ళకముందే తెలుగులో రాసి, చదివి వినిపించి సంతకాలు తీసుకోవాలి. సంక్షేమ వసతిగృహాల విద్యార్థులు సాహిత్య కృతిని 500 రూపాయల రుసుముతో నమోదు చేసుకోవచ్చు. నమోదు లేకపోయినా హక్కు పుట్టినప్పుడే ఉంటుంది గానీ, తగాదా వచ్చిన రోజు ఆ కాగితం సాక్ష్యం చెబుతుంది. న్యాయ కళాశాలల ఉచిత సహాయ కేంద్రాలు భూమి తగాదాల పక్కన పాటల ఒప్పందాలు చదవడానికి కూడా ఒక పూట కేటాయించవచ్చు. విశ్వవిద్యాలయాల జానపద విభాగాల్లో, ఆకాశవాణి కేంద్రాల్లో దశాబ్దాలుగా పోగుపడిన టేపులున్నాయి. పాడినవారి పేరు, ఊరు, సముదాయం ఎక్కడెక్కడ నమోదై ఉన్నాయో వెలికితీసి జాబితా ప్రకటించాలి. వాటిని ఏ లేబులుకైనా ఇచ్చేముందు ఆ ఊరికి వెళ్ళి, బతికున్నవారినో వారి పిల్లలనో కలిసి అడగాలి.